పెర్ల్ జామ్ ‘టెన్’: ఒకే ఆల్బమ్, మూడు రూపాలు... మీకు ఏది నప్పుతుంది?

ఆల్టర్నేటివ్ రాక్ ఎక్కడ మొదలుపెట్టాలని తెలిసినవాళ్లని అడగండి, వాళ్లు చెప్పే లిస్టులో అమెరికన్ బ్యాండ్ పెర్ల్ జామ్ తొలి ఆల్బమ్ ‘టెన్’ ఉండి తీరుతుంది. సరే విందామని వెతికితే అక్కడ మొదలవుతుంది చిక్కు. 1991 నాటి ‘టెన్’ ఒకటి, అవే రికార్డింగుల్ని కొత్తగా కలిపి 2009లో వదిలిన ‘టెన్ రెడక్స్’ ఒకటి, ఆ పాటల్లోనే ఆరింటిని 1992లో టీవీ కోసం అకూస్టిక్ గిటార్లతో వాయించిన ‘ఎమ్‌టీవీ అన్‌ప్లగ్డ్’ ఒకటి. ఏది వినాలని ఇద్దరిని అడిగితే మూడు జవాబులొస్తాయి. ఒకాయన ఒరిజినల్ తప్ప ఇంకోటి ముట్టుకోవద్దంటాడు. ఇంకొకాయన ఆ గుహలో పాడినట్టుండే మోత ఎలా భరిస్తారని అడుగుతాడు. మూడో ఆయనకి అన్‌ప్లగ్డ్ తప్ప మిగతాదంతా గోల.

ఈ తగువు ఊరికే పుట్టలేదు. తమ తొలి ఆల్బమ్ మిక్స్ మీద, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతునీ వాయిద్యాలనీ కలిపిన తీరు మీద, బ్యాండ్ సభ్యులకే అసంతృప్తి ఉండేది. రీవర్బ్ (ధ్వని వెనక మిగిలే మోత) కాస్త తగ్గించి మళ్లీ మిక్స్ చేస్తే బాగుండునని బేస్ వాయించే జెఫ్ ఆమెంట్ రెడక్స్ రాకముందే చెప్పాడు. మరోపక్క ఆ రీవర్బ్‌తోనే ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే కోటీ ముప్పై లక్షలకు పైగా కాపీలు పోయింది. అంచేత ఏ పక్షాన్నీ చెవి తెలియనివాళ్లని కొట్టిపారెయ్యలేం. నాకూ ఒక పక్షం ఉంది, అది దాచను. దానికంటే ముందు ఈ పాటలు ఎలా పుట్టాయో కాస్త తెలియాలి.

ఆల్బమ్ వెనక కథ, క్లుప్తంగా

సియాటెల్‌లో ‘మదర్ లవ్ బోన్’ అనే బ్యాండ్ ఉండేది. దాని గాయకుడు ఆండ్రూ వుడ్ 1990 మార్చిలో హెరాయిన్ ఎక్కువై చనిపోయాడు. మిగిలిన గిటారిస్టు స్టోన్ గొసార్డ్, బేసిస్టు జెఫ్ ఆమెంట్ ఇంకో గిటారిస్టు మైక్ మెక్‌క్రెడీని కలుపుకుని కొత్త ట్యూన్లు కట్టి, పాటల్లేని ఒక డెమో క్యాసెట్ చేశారు. అది చేతులు మారి శాన్ డియేగోలో పెట్రోల్ బంకులో నైట్ డ్యూటీ చేసే ఎడ్డీ వెడ్డర్ దగ్గరికి చేరింది. అతను సముద్రంలో సర్ఫింగ్ చేసొచ్చి, ఆ ట్యూన్లకి మాటలు రాసి, పాడి రికార్డు చేసి తిరిగి పంపాడు. అందులోవే ‘అలైవ్’, ‘వన్స్’. అలా అతనే బ్యాండ్ గాయకుడయ్యాడు.

1991 మార్చి, ఏప్రిల్ నెలల్లో సియాటెల్ దగ్గరి లండన్ బ్రిడ్జ్ స్టూడియోలో రికార్డింగ్ జరిగింది. నిర్మాత రిక్ పరాషర్. ఆ స్టూడియో పెట్టింది ఆయనా, ఆయన అన్నదమ్ముడు రాజ్ పరాషరూ. ఆ ఇంటిపేరు వింటే మన చెవులు నిక్కబొడుచుకోవడం సహజం. డ్రమ్స్ డేవ్ క్రూసెన్‌వి. ‘ఈవెన్ ఫ్లో’ ఒక్క పాటకే యాభై, డెబ్భై టేకులు అయ్యాయనీ, అదో పీడకలనీ మెక్‌క్రెడీ తర్వాత చెప్పుకున్నాడు.

టేపులు పట్టుకుని జూన్‌లో ఇంగ్లండ్ వెళ్లారు. అక్కడి పల్లెటూరి స్టూడియో రిడ్జ్ ఫార్మ్‌లో టిమ్ పామర్ మిక్స్ చేశాడు. ఆగస్టు 27న ఆల్బమ్ విడుదలైంది. పేరులోని పది అంకె మూకీ బ్లేలాక్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడి జెర్సీ నంబరు; బ్యాండ్‌కి మొదట పెట్టుకున్న పేరు కూడా అతనిదే.

ఇందులో గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటే. 1991 ఆల్బమ్, 2009 రెడక్స్ రెండూ ఒకే రికార్డింగ్ నుంచి వచ్చినవి. పాడింది, వాయించింది మళ్లీ చేయలేదు. అవే టేపుల్ని బ్రెండన్ ఒబ్రయన్ కొత్తగా కలిపాడు. అన్‌ప్లగ్డ్ మాత్రం పూర్తిగా వేరే రోజు, వేరే డ్రమ్మర్‌తో జరిగిన కచేరీ.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అభిప్రాయాలు చదివేటప్పుడు ఏ రూపం గొప్పదన్నారో చూడటంతో పాటు, ఆ మాట అన్నవాళ్లు దాన్ని ఎప్పుడు, దేనిమీద విన్నారో కూడా చూడండి. తొంభైల్లో క్యాసెట్‌లో విన్నవాళ్లు చాలావరకు ఒరిజినల్ పక్షం. 2009 తర్వాత హెడ్‌ఫోన్స్‌లో మొదటిసారి విన్నవాళ్లలో రెడక్స్ అభిమానులు ఎక్కువ కనిపిస్తారు. పాత నలుపు తెలుపు సినిమాకి రంగులద్ది మళ్లీ వదిలినప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లకీ పిల్లలకీ మధ్య జరిగిన వాదన లాంటిదే ఇదీ. దీన్ని పక్కన పెడితే, నిజంగా తేడా తెచ్చేవి ఇవి:

గొంతు ఎంత దూరంలో ఉండాలి? నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. వెడ్డర్ స్టేజి మీద నుంచి మీ మీదికి పాడుతున్నట్టు ఉండాలా, పక్క కుర్చీలో కూర్చుని పాడుతున్నట్టు ఉండాలా?

మాటలు తెలియాలా? వెడ్డర్ పదాల్ని నమిలి మింగుతాడు. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకే కొన్ని లైన్లు అందవు. మాటల కోసం వినేవాళ్లకి ఇది పెద్ద విషయం.

గిటార్లు కలిసి ఒక ముద్దలా వినిపించాలా, విడివిడిగానా? ఈ బ్యాండ్‌లో ఇద్దరు గిటారిస్టులు. ఒకరి పని రిథమ్, ఇంకొకరిది లీడ్ అని గీత గీసినట్టు ఉండదు.

దేనిమీద వింటారు? కారు స్పీకర్లా, ఫోను స్పీకరా, మంచి హెడ్‌ఫోన్సా, ఎల్పీ ప్లేయరా?

చివరిగా, పదకొండు పాటలూ కావాలా? కొన్ని చాలంటే పని సులువు.

ఒకటో రూపం: 1991 ఒరిజినల్, టిమ్ పామర్ మిక్స్

రీవర్బ్ అంటే ఖాళీ ఫంక్షన్ హాల్లో చప్పట్లు కొడితే ఆ చప్పుడు కాసేపు గోడల మధ్య తిరుగుతుందే, అది. ఎనభైల్లో రాక్ మిక్స్‌లన్నీ దాంట్లో ముంచి తీసేవారు. 1991 ‘టెన్’ మీద ఆ అలవాటు ఇంకా పోలేదు. క్రూసెన్ స్నేర్ డ్రమ్ మీద కొట్టిన ప్రతి దెబ్బకీ తోక ఉంటుంది. వెడ్డర్ గొంతు చుట్టూ ఒక పొగ. రెండు గిటార్లూ కలిసిపోయి ఒక గోడలా నిలబడతాయి.

ఇది తప్పు అనేవాళ్ల వాదన తేలిగ్గా అర్థమవుతుంది. ‘టెన్’ వచ్చిన నాలుగు వారాలకే నిర్వాణ బ్యాండ్ ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ వచ్చింది. ఆ తర్వాత ఒకటి రెండేళ్లలో రాక్ సౌండ్ పొడిగా, దగ్గరగా మారిపోయింది. ఆ కొత్త సౌండ్ అలవాటైన చెవికి ‘టెన్’ పెద్ద స్టేడియంలో కచేరీ చేసే పాతకాలపు హార్డ్ రాక్‌లా వినిపించింది. నిర్వాణ గాయకుడు కర్ట్ కోబేన్ ఇంకా ఘాటుగా అన్నాడు: ఇన్ని గిటార్ సోలోలున్న ఆల్బమ్ నిజమైన ఆల్టర్నేటివ్ ఎలా అవుతుందని. కోబేన్ మాటలో అసూయ వెతికేవాళ్లున్నారు గానీ, ఆయన విన్నది సరిగ్గానే విన్నాడు. ‘అలైవ్’ చివర మెక్‌క్రెడీ సోలో కిస్ బ్యాండ్ పాటని గుర్తుపెట్టుకుని వాయించిందే. ఈ ఆల్బమ్ వేళ్లు డెబ్భైల రాక్‌లో ఉన్నాయి. అది లోపమా, బలమా అన్నది మీ ఇష్టం; నాకైతే బలం.

ఒరిజినల్ ఎందుకు నిలబడిందో తెలియాలంటే ‘ఓషన్స్’ వినండి. మూడు నిమిషాలైనా ఉండని చిన్న పాట, సముద్రం మీద. ఇక్కడ రీవర్బ్ అలంకారంగా లేదు, పాటకి కావాల్సిన నీళ్లే అది. పామర్ అందులో తాళవాద్యాలుగా మిరియాల డబ్బానీ, మంటలార్పే సిలిండర్‌నీ వాడాడు. రిడ్జ్ ఫార్మ్ ఊరికి దూరం, వాయిద్యాలు అద్దెకిచ్చే షాపు దగ్గర్లో లేదు, దొరికినదాంతో కానిచ్చాడు. ఇంతా చేస్తే అది మిరియాల డబ్బా అని ఎవరూ పోల్చుకోలేరు.

ఆఖరి పాట ‘రిలీజ్’ కూడా అంతే. తను ఎవరి కొడుకో తెలిసేనాటికే చనిపోయిన తండ్రిని పిలుస్తాడు వెడ్డర్. ఆ పిలుపు ఎక్కడో దూరం నుంచి రావాలి. దగ్గర నుంచి వస్తే అది ఇంకో పాట అయిపోతుంది.

అన్ని పాటలకీ ఇంత న్యాయం జరగలేదు. ‘వై గో’, ‘డీప్’ లాంటి వేగమైన పాటల్లో బేస్ బురదలో కూరుకుపోతుంది. ‘గార్డెన్’ గిటార్లలో సగం పనితనం పొగలోనే ఉండిపోతుంది. ‘ఈవెన్ ఫ్లో’ని ఫోను స్పీకర్ మీద వింటే డ్రమ్స్, గొంతు తప్ప మిగిలేది తక్కువ.

ఇంకో ఫిర్యాదు కూడా తరచుగా వినిపిస్తుంది: వెడ్డర్ గొంతు ఎక్కడో విన్నట్టుంది, పాతబడిపోయింది అని. ఇందులో ‘టెన్’ తప్పేమీ లేదు. ఆ తర్వాత పదేళ్లపాటు ఆ బరువైన గొంతుని కాపీ కొట్టిన బ్యాండ్లు కోకొల్లలు. వాళ్లని ముందు విని దీని దగ్గరికి వచ్చినవాళ్లకి అసలే నకలులా తోస్తుంది. అలా అనిపిస్తే మిక్స్ మార్చి లాభం లేదు, నేరుగా అన్‌ప్లగ్డ్‌కి వెళ్లండి.

రెండో రూపం: 2009 రెడక్స్, బ్రెండన్ ఒబ్రయన్ మిక్స్

ఒబ్రయన్ బయటివాడు కాడు. 1993లో వచ్చిన రెండో ఆల్బమ్ నుంచి పెర్ల్ జామ్ ఆల్బమ్‌లు చాలావాటికి ఆయనే నిర్మాత. 2004లో బ్యాండ్ హిట్స్ సంకలనం కోసం ‘టెన్’లోని కొన్ని పాటల్ని రీమిక్స్ చేశాడు. 2009 మార్చిలో ఆల్బమ్ మొత్తం వచ్చింది. జనం ప్రేమించిన ఆల్బమ్‌ని ముట్టుకోవడానికి మొదట్లో తనూ వెనకాడానని ఆయనే చెప్పాడు.

మొదటి క్షణం నుంచే తేడా తెలుస్తుంది. పొగ పోయింది. స్నేర్ పొడిగా, టప్‌మని ఆగిపోతుంది. వెడ్డర్ నాలుగడుగులు ముందుకొచ్చాడు. ఊపిరి పీల్చుకోవడం, పదం చివర గొంతు చీరడం వినిపిస్తాయి. గొసార్డ్ ఎక్కడ ఆగి మెక్‌క్రెడీ ఎక్కడ అందుకున్నాడో చెప్పగలం. ‘జెరెమీ’ మొదట్లో ఆమెంట్ పన్నెండు తీగల బేస్ మీద వాయించిన ఆ మెరుపు, ఒరిజినల్‌లో అందంగానే ఉంటుంది గానీ, ఇక్కడ తీగ మీద వేలు ఆడుతున్నట్టు ఉంటుంది.

రెడక్స్ బాగా కలిసొచ్చినవి ‘వన్స్’, ‘వై గో’, ‘పోర్చ్’. మూడూ కోపం పాటలే. కోపం దగ్గర నుంచి రావాలి. ముఖ్యంగా ‘పోర్చ్’: ఒరిజినల్‌లో ఇది ఆల్బమ్ మధ్యలో మామూలుగా వచ్చిపోయే పాట, రెడక్స్‌లో ఆగి వినాల్సిన పాట అయింది. ఈ ఒక్క పాట కోసమైనా రెడక్స్ ఉండాలనిపిస్తుంది నాకు.

నష్టం ఎక్కడ? ‘బ్లాక్’ దగ్గర. ఈ పాటని సింగిల్‌గా, అంటే విడి పాటగా, విడుదల చేద్దామని కంపెనీ ఎంత పట్టుబట్టినా బ్యాండ్ ఒప్పుకోలేదు, ఇది మరీ సొంత విషయమని. అయినా రేడియోలు వదల్లేదు. విడిపోయిన మనిషి గురించి పాడుతూ పాడుతూ చివరికి మాటలు అయిపోయి, ఒట్టి రాగం మిగిలే పాట ఇది. ఆ చివరి రెండు నిమిషాల్లో ఒరిజినల్‌లో గొంతు, గిటారు, పియానో కరిగి ఒకటవుతాయి. రెడక్స్‌లో వేటికవి శుభ్రంగా నిలబడి ఉంటాయి. శుభ్రంగా ఉండటమే ఇబ్బంది. ‘ఓషన్స్’, ‘రిలీజ్’ విషయంలోనూ ఇదే మాట.

ఇంకోటి, రెడక్స్ గట్టిగా ఉంటుంది. 2000ల్లో సీడీలన్నీ ఒకదాన్ని మించి ఒకటి గట్టిగా మాస్టర్ చేసే (విడుదలకి ముందు ధ్వనిని చివరిసారి సరిచేసే) పోటీ నడిచింది. ఆ రోజుల్లో వచ్చిందే ఇదీ. మెల్లగా ఉన్న చోటికీ హోరుగా ఉన్న చోటికీ మధ్య తేడా తగ్గింది. కారులో, బస్సులో ఇది హాయి, మాటిమాటికీ వాల్యూమ్ సరిచేసుకోనక్కర్లేదు. రాత్రి గదిలో మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆల్బమ్ మొత్తం ఏకబిగిన వింటే చెవులు అలిసిపోతాయి. అదే ఏడాది ఒరిజినల్‌ని రీమాస్టర్ చేసి ఇచ్చిన డిస్క్‌కి కూడా ఈ జబ్బు కొంత ఉంది. పాత సీడీ ఎవరింట్లోనైనా ఉంటే పారెయ్యొద్దని చెప్పండి.

మూడో రూపం: 1992 అన్‌ప్లగ్డ్

1992 మార్చి 16న న్యూయార్క్‌లో రికార్డయింది. యూరప్ టూర్ ముగించుకుని వచ్చిన వెంటనే. ఆల్బమ్‌లో వాయించిన క్రూసెన్ తాగుడు మానే చికిత్స కోసం రికార్డింగ్ అవ్వగానే బ్యాండ్ వదిలేశాడు. ఇక్కడ డ్రమ్స్ డేవ్ అబ్రూజీస్‌వి. చాలా ఏళ్లు ఇది టీవీ రికార్డింగ్‌గానే తిరిగింది. 2009 డీలక్స్ సెట్‌లో డీవీడీగా, 2019లో ఎల్పీగా, ఆ తర్వాతి ఏడాది సీడీగా వచ్చింది.

మొత్తం ఏడు పాటలు. అందులో ఆరు ‘టెన్’వి: ఓషన్స్, అలైవ్, బ్లాక్, జెరెమీ, ఈవెన్ ఫ్లో, పోర్చ్. ఏడోది ‘స్టేట్ ఆఫ్ లవ్ అండ్ ట్రస్ట్’. ‘వన్స్’, ‘వై గో’, ‘గార్డెన్’, ‘డీప్’, ‘రిలీజ్’ లేవు. అంటే ఆల్బమ్ విన్నానని చెప్పుకోవడానికి ఇది పనికిరాదు.

మరి ఎందుకు వినాలంటే, ‘బ్లాక్’ కోసం. కరెంటు గిటార్లు లేవు, రీవర్బ్ గొడవ లేదు. ఒరిజినల్ వాళ్లూ రెడక్స్ వాళ్లూ కొట్టుకునే ఈ పాట మీద ఇక్కడ మాత్రం అందరూ రాజీకొస్తారు. పాట చివరికొచ్చేసరికి వెడ్డర్ ఆల్బమ్‌లో లేని మాటలు కలుపుకుని, దాదాపు బతిమాలుతున్నట్టు పాడతాడు. గది నిశ్శబ్దంగా ఉంటుంది. ఆఖర్న వచ్చే ‘పోర్చ్’ దీనికి పూర్తి విరుద్ధం. వెడ్డర్ స్టూలెక్కి నిలబడి, గర్భస్రావం విషయంలో ఆడవాళ్ల హక్కుని సమర్థిస్తూ తన చేతి మీద మార్కర్‌తో రాసుకున్నాడు. ఇది చూడాల్సిందే, వింటే సగమే అందుతుంది. వీలుంటే వీడియో చూడండి.

‘జెరెమీ’ మాత్రం అకూస్టిక్‌లో నాకు పలచబడినట్టుంటుంది. ఆ పాటకి బరువు కావాలి.

పక్కపక్కన పెడితే

| చూడాల్సింది | 1991 ఒరిజినల్ | 2009 రెడక్స్ | 1992 అన్‌ప్లగ్డ్ |
|---|---|---|---|
| గొంతు దూరం | దూరం, పెద్ద హాలు | బాగా దగ్గర | అదే గదిలో |
| మాటలు తెలియడం | కష్టం | పర్వాలేదు | అన్నిటికంటే నయం |
| గిటార్లు | కలిసి ఒక గోడ | విడివిడిగా | అకూస్టిక్ |
| డ్రమ్స్ | క్రూసెన్, మోత ఎక్కువ | క్రూసెన్, పొడిగా | అబ్రూజీస్ |
| ఏకబిగిన వింటే | అలసట తక్కువ | చెవులు అలుస్తాయి | అసలు ఇబ్బంది లేదు |
| కారులో, ప్రయాణంలో | మధ్యస్థం | బాగుంటుంది | మెల్లటి చోట్లు వినపడవు |
| ‘టెన్’ పాటలు | 11 | 11 | 6 |
| బాగా కుదిరినవి | ఓషన్స్, బ్లాక్, రిలీజ్ | వన్స్, వై గో, పోర్చ్ | బ్లాక్, పోర్చ్ |

ఎవరికి ఏది

*మొదటిసారి వినేవాళ్లకి.* ఒరిజినల్. ఇందులో నాకు అనుమానం లేదు. తర్వాత రెడక్స్‌కి వెళ్తే ఏం మారిందో తెలుస్తుంది, ఆ తేడా వినడమే ఒక సరదా. ముందు రెడక్స్ విన్నవాళ్లు మాత్రం ఒరిజినల్‌కి వచ్చి ఏదో మసకగా ఉందేమిటని మధ్యలో ఆపేస్తుంటారు. ఇంకో కారణం కూడా ఉంది: ముప్పై ఏళ్లుగా జనం ఈ ఆల్బమ్ గురించి మాట్లాడిందంతా ఆ మసక రూపం గురించే. ఒక షరతు, మొదటిసారి ఫోను స్పీకర్ మీద వినకండి.

*రాక్ అంటే తలనొప్పి అనుకునేవాళ్లకి.* అన్‌ప్లగ్డ్. అందులోనూ ‘బ్లాక్’తో మొదలుపెట్టండి. మన పాటల్లో గొంతు ముందుండి వాయిద్యాలు వెనకుంటాయి. ఆ అలవాటున్న చెవికి ‘టెన్’ ఒరిజినల్‌లో గొంతు గిటార్లతో కలబడటం వింతగా ఉంటుంది. అన్‌ప్లగ్డ్‌లో ఆ కొత్తదనం బాధించదు. ఇంట్లో స్పీకర్ మీద పెట్టినా ఎవరూ తగ్గించమని అరవరు.

*గిటార్ నేర్చుకునేవాళ్లకి.* కళ్లు మూసుకుని రెడక్స్. ‘ఈవెన్ ఫ్లో’ తీసుకోండి. గొసార్డ్ గిటారు మామూలు ట్యూనింగ్‌లో ఉండదు, డి ట్యూనింగ్‌లో ఉంటుంది. మెక్‌క్రెడీ మామూలు ట్యూనింగ్‌లోనే వాయిస్తాడు. ఈ సంగతి తెలియక ఒరిజినల్ విని రెండు గిటార్లనీ ఒకటనుకుని నేర్చుకోవాలని చూస్తే వేళ్లు నొప్పెట్టడమే మిగులుతుంది. రెడక్స్‌లో ఎవరిది ఏదో విడదీసి పట్టుకోవచ్చు. బేస్ నేర్చుకునేవాళ్లకీ ఇదే సలహా. డ్రమ్స్ వాళ్లకి కూడా, క్రూసెన్ వాయించింది నిజంగా ఎంత బాగుందో ఇక్కడే తెలుస్తుంది.

*మాటల కోసం వినేవాళ్లకి.* రెడక్స్ లేదా అన్‌ప్లగ్డ్, పక్కన లిరిక్స్ తెరిచిపెట్టుకుని. ముందే ఒక మాట: ఈ ఆల్బమ్‌లో సరదా పాట ఒక్కటీ లేదు. ‘ఈవెన్ ఫ్లో’ రోడ్డు మీద పడుకునే మనిషి గురించి, ‘వై గో’ పిచ్చాసుపత్రిలో పెట్టిన అమ్మాయి గురించి, ‘వన్స్’ హంతకుడి గురించి, ‘జెరెమీ’ తరగతి గదిలో తన ప్రాణం తీసుకున్న కుర్రాడి గురించి. ‘అలైవ్’ అందరూ చేతులెత్తి పాడుకునే విజయగీతం అయిపోయింది గానీ, అది రాసినప్పుడు ఉన్న ఉద్దేశం వేరు. నాన్న అనుకున్న మనిషి నాన్న కాడని, కన్నతండ్రి పోయాడని ఒకేసారి తెలిసిన కుర్రాడికి బతికుండటం శాపంలా తోస్తుంది. ఇది వెడ్డర్ జీవితంలో జరిగిందే. కచేరీల్లో జనం ఆ లైన్‌ని సంతోషంగా పాడుతుంటే శాపం విడిపోయినట్టయిందని ఆయనే తర్వాత చెప్పాడు. మనసు బాగోలేని రోజుల్లో ‘జెరెమీ’ దాటేసి వినడంలో తప్పు లేదు.

*తొంభైల్లోనే విని, మళ్లీ వినాలనుకునేవాళ్లకి.* మీకు నా సలహా అక్కర్లేదు, ఒరిజినల్‌కే వెళ్తారు. ఒక్క కోరిక: రెడక్స్‌ని మొదటి పాట నుంచి వినొద్దు. ‘వన్స్’ మొదట్లోనే అలవాటైన మోత లేదని చిరాకు పుడుతుంది. ‘పోర్చ్’ ఒక్కటి వినండి. నచ్చకపోతే వదిలెయ్యండి.

డబ్బు పెట్టి కొనేవాళ్లకి

వినడానికైతే స్ట్రీమింగ్ చాలు. చేతిలో వస్తువు ఉండాలనుకునేవాళ్లకి 2009 లెగసీ ఎడిషన్ అన్నిటికంటే లెక్కకొచ్చే బేరం. రెండు సీడీలు: ఒకదాంట్లో రీమాస్టర్ చేసిన ఒరిజినల్, రెండోదాంట్లో రెడక్స్, దాంతో పాటు ఆరు అదనపు పాటలు. అదనపు పాటల్లో ‘బ్రదర్’ ఒక్కటి నిజంగా వినదగ్గది, మిగతావి అభిమానులకి. డీలక్స్‌లో వీటికి అన్‌ప్లగ్డ్ డీవీడీ కలుస్తుంది, కాబట్టి ఈ వ్యాసంలోని మూడు రూపాలూ ఒక్క డబ్బాలో కావాలంటే అదే దారి.

సూపర్ డీలక్స్ పెట్టె వేరే కథ. వెడ్డర్ మొదట పంపిన డెమో క్యాసెట్ నకలు, ఆయన నోటుబుక్కు నకలు, 1992 సెప్టెంబర్ 20న సియాటెల్ మాగ్నుసన్ పార్కులో జరిగిన కచేరీ ఎల్పీలు ఉంటాయి. ఆ పార్కు సియాటెల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు ఉండే మన తెలుగువాళ్లకి కారులో వెళ్లొచ్చేంత దూరమే. పెట్టె ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది. ఆ ధరకి నకళ్లు చూసి మురిసిపోవడం తప్ప వినడంలో అదనంగా వచ్చేది ఆ డెమో, కచేరీ మాత్రమే. ఎల్పీ ప్లేయర్ ఉన్నవాళ్లకి ఒరిజినల్, రెడక్స్ రెండూ కలిపిన వినైల్ ఎడిషన్ కూడా వచ్చింది; పెట్టె కంటే అది నయం.

యూరప్ ఎడిషన్ సీడీ ఎక్కడైనా పాత షాపులో కనిపిస్తే వదలకండి. అందులో ‘వాష్’, ‘డర్టీ ఫ్రాంక్’, లైవ్ ‘అలైవ్’ అదనం. ‘వాష్’ ఆల్బమ్‌లోనే ఉండాల్సిన పాట అన్నది చాలామంది అభిమానుల మాట, నాదీ అదే.

ఏది నచ్చితే తర్వాత ఏం వినాలి

ఒరిజినల్ నచ్చిందా? అదే స్టూడియోలో, అదే పరాషర్ చేతిలో, కొన్ని నెలల ముందు తయారైన ‘టెంపుల్ ఆఫ్ ద డాగ్’ (1991) వినండి. చనిపోయిన ఆండ్రూ వుడ్ కోసం సౌండ్‌గార్డెన్ గాయకుడు క్రిస్ కార్నెల్ మొదలుపెట్టిన ఆల్బమ్ అది. గొసార్డ్, ఆమెంట్, మెక్‌క్రెడీ ముగ్గురూ ఉన్నారు, వెడ్డర్ గొంతు కూడా వినిపిస్తుంది. రెడక్స్ ఎక్కువ నచ్చితే సోలోలు తగ్గి, కోపం పెరిగిన రెండో ఆల్బమ్ ‘వర్సెస్’ (1993)కి నేరుగా వెళ్లిపోండి. అది మొదటి నుంచీ ఒబ్రయన్ చేతిలో పెరిగింది, కాబట్టి రెండు మిక్స్‌ల గొడవ ఉండదు. అన్‌ప్లగ్డ్ దగ్గరే ఆగిపోయినవాళ్లకి 2003 అక్టోబర్‌లో సియాటెల్ బెనరోయా హాల్లో చేసిన కచేరీ ఆల్బమ్ ఉంది. చాలావరకు అకూస్టిక్‌గానే సాగుతుంది, అందులోనూ ‘బ్లాక్’ ఉంది.